వెంటిలేటర్ తుడిచేది ఎవరు? యూవీ యంత్రం కొనేముందు మా ఐసీయూలో బయటపడిన సంగతులు

చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అందులో మెడికల్ ఐసీయూ. నేను అక్కడ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. రోగుల వయసు, ఊరు, జబ్బు వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. గదికి సంబంధించిన విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

మా ఐసీయూలో చాలా మంచాలు ఒకే హాల్లో, మధ్యలో కర్టెన్లతో ఉంటాయి. తలుపు వేసుకోగలిగిన ఐసొలేషన్ గదులు రెండే. ఈ కేసు వాటిలో మూలనున్న గదిది.

ముందు అందులో ఉన్నది నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన. ఏళ్ల తరబడి పొగతాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, వెంటిలేటర్ తీయడం కష్టమైంది. గొట్టంలోంచి తీసిన కఫం కల్చర్‌కి పంపితే ఎసినెటోబాక్టర్ బౌమానీ అనే బ్యాక్టీరియా పెరిగింది. మెరోపెనెం, ఇమిపెనెం లాంటి కార్బపెనెం యాంటీబయాటిక్‌లకు లొంగని రకం. మేం వాడుకలో ‘క్రాబ్’ అంటాం. చివరికి ఆయన మెడ దగ్గర ట్రాకియాస్టమీతో వార్డుకు వెళ్లారు. గదికి టెర్మినల్ క్లీనింగ్ (రోగి వెళ్లాక చేసే పూర్తి శుభ్రత) చేశారు, ఫాగింగ్ చేశారు, రిజిస్టర్‌లో సంతకాలు పడ్డాయి.

తర్వాత అదే మంచం మీదకి తడ దగ్గర హైవే ప్రమాదంలో ఛాతీకి దెబ్బలు తగిలిన కుర్రాడు వచ్చాడు. అతనికి ఐసొలేషన్ అక్కర్లేదు, హాల్లో మంచం ఖాళీ లేక అక్కడ పెట్టారు. చేర్చుకున్నప్పుడు తీసిన స్వాబ్‌లలో క్రాబ్ లేదు. వెంటిలేటర్ మీద ఉండగానే మళ్లీ జ్వరం వచ్చింది, కఫం చిక్కబడింది. కల్చర్‌లో క్రాబ్ వచ్చింది, పెద్దాయన రిపోర్టులో ఏ మందులకు ఎదురుతిరిగిందో ఇక్కడా వాటికే. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, అది కిడ్నీలను దెబ్బతీయగలదు కాబట్టి వాటి మీద కన్నేసి ఉంచారు. కుర్రాడు ఆలస్యంగానైనా కోలుకుని ఇంటికెళ్లాడు.

అంతకుముందే వాళ్లమ్మ నన్ను కారిడార్‌లో ఆపింది.

“సిస్టరమ్మా, ముందు ఆ గదిలో ఉన్నాయనకి ఏందో పురుగు ఉండిందంట గదా. అదేనా మా వోడికి పట్టింది?”

నేను తప్పించుకోలేదు. “అయ్యుండొచ్చు పెద్దమ్మా. కచ్చితంగా చెప్పాలంటే ఆ రెండు పురుగులూ ఒకటేనా అని జన్యువులు పోల్చి చూడాలి. ఆ పరీక్ష ఇక్కడ లేదు. కానీ గదిని అనుమానించే మేం పని మొదలుపెట్టాం” అన్నాను.

ఆ అనుమానానికి ఆధారం ఉంది. ఎసినెటోబాక్టర్ పొడి ఉపరితలాల మీద 3 రోజుల నుంచి 5 నెలల దాకా బతకగలదని ప్రచురితమైన సమీక్షలు చెబుతున్నాయి. ముందు రోగికి ఎసినెటోబాక్టర్ గానీ సూడోమొనాస్ అనే మరో బ్యాక్టీరియా గానీ ఉంటే, అదే గదిలోకి వచ్చిన తర్వాతి రోగికి అది సోకే ముప్పు ఎక్కువని 2011లో ఒక ఫ్రెంచ్ ఐసీయూ అధ్యయనం తేల్చింది. మందులకు లొంగని మరో రెండు బ్యాక్టీరియాలు ఎంఆర్‌ఎస్‌ఏ, వీఆర్‌ఈల విషయంలో అమెరికాలో 2006లోనే ఇలాంటి ఫలితం వచ్చింది. ఇక మందులకు లొంగని సూక్ష్మజీవుల కథలో చెన్నై పేరు కొత్తగా చేరేదేమీ కాదు. కార్బపెనెంలను పనిచేయనివ్వని ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్ గురించి 2010లో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్‌లో వచ్చిన పేపర్‌లో ఈ ఊరి నమూనాలున్నాయి. యాంటీబయాటిక్ నిరోధకత మీద దేశంలోని వైద్య సంఘాలు కలిసి 2012లో చేసిన ప్రకటనకి ‘చెన్నై డిక్లరేషన్’ అనే పేరు.

అయితే ఒకే యాంటీబయోగ్రామ్ (ఏ మందులకు లొంగుతుందో చెప్పే రిపోర్టు) వచ్చినంత మాత్రాన ఒకే పురుగని అనలేం. క్రాబ్‌లన్నీ దాదాపు అన్ని మందులకూ ఎదురుతిరుగుతాయి కాబట్టి రిపోర్టులు ఒకేలా కనిపిస్తాయి. పురుగు గదిలోంచే కాదు, నర్సు చేతుల మీంచీ రావచ్చు, సక్షన్ చేసేటప్పుడూ రావచ్చు, హాల్లోంచి వచ్చిన పోర్టబుల్ ఎక్స్‌రే మిషన్ మీంచీ రావచ్చు. ఈ అనిశ్చితిని హెచ్‌ఐసీసీ (ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ) మీటింగ్‌లో ముందే చెప్పాను. ఎందుకంటే ఆ మీటింగ్‌లో అప్పటికే ఒక బ్రోచర్ చేతులు మారుతోంది.

యంత్రం వస్తోంది

బ్రోచర్‌లో ఉన్నది యూవీ-సీ, అంటే ఒక రకం అతినీలలోహిత కాంతి చిమ్మే రోబో. గది మధ్యలో నిలబెట్టి, అందరూ బయటికొచ్చి తలుపు వేసి, బటన్ నొక్కితే 254 నానోమీటర్ల కాంతితో సూక్ష్మజీవుల డీఎన్‌ఏ దెబ్బతింటుంది. 99.99 శాతం చంపుతుందని అట్ట మీదే ఉంది. మేనేజ్‌మెంట్‌కి నచ్చింది. నచ్చడంలో తప్పేమీ లేదు, అది చూపించుకోదగ్గ వస్తువు. రోగి బంధువులకు బకెట్, మాప్ చూపించి ‘మా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ ఇదీ’ అని ఎవరంటారు?

ఆ 99.99 గురించి కొంచెం చెప్పుకోవాలి. శుభ్రమైన స్టీలు ముక్క మీద 10 లక్షల బ్యాక్టీరియా వేసి కాంతి పెడితే, 99.99 శాతం పోయాక మిగిలేవి 100. ప్రయోగశాలలో అది మంచి ఫలితమే. ఐసీయూ మంచం రెయిలింగ్ మీద ఉండేది శుభ్రమైన స్టీలు కాదు. ఎండిన కఫం, సెలైన్ మరకలు, ప్లాస్టర్ జిగురు ఉంటాయి. ఆ పొర కింద ఉన్నదానికి కాంతి అందదు. వాకిలి ఊడవకుండా ముగ్గు వేసినట్టే, తుడవని గదిలో యూవీ పెట్టడం.

యూవీ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారమూ ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. అమెరికాలోని 9 ఆసుపత్రుల్లో 2012 నుంచి 2014 దాకా పెద్ద ట్రయల్ జరిగింది, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. మందులకు లొంగని సూక్ష్మజీవి ఉన్న రోగి ఖాళీ చేసిన గదిని మామూలు క్వాట్ (క్వాటర్నరీ అమోనియం) క్రిమిసంహారక ద్రావణంతో తుడిచి, ఆపైన యూవీ పెడితే, తర్వాతి రోగులకు అవి సోకడం దాదాపు 30 శాతం తగ్గింది. విరేచనాలు కలిగించే సీ. డిఫిసిల్ బ్యాక్టీరియా ఉన్న గదులను బ్లీచ్‌తో తుడిచాక యూవీ కలిపితే అదనపు లాభం కనిపించలేదు. ఇందులో రెండు మాటలు నేను అండర్‌లైన్ చేసి కమిటీ ముందు పెట్టాను. ఒకటి, ‘తుడిచి, ఆపైన’. రెండోది, ‘ఖాళీ చేసిన గది’.

ఆ రెండో మాటే మాకు పెద్ద అడ్డంకి. మనుషులుండగా యూవీ-సీ వెలిగించకూడదు, కళ్లకీ చర్మానికీ దెబ్బ. హాల్లో ఒక మంచం ఖాళీ అయిందని మిగతా రోగులను వెంటిలేటర్లతో సహా బయటికి తీసుకెళ్లలేం కదా. అంటే మా ఐసీయూలో ఈ యంత్రం పనికొచ్చేది రెండు గదులకి, వాటి బాత్‌రూమ్‌లకి. మిగతా హాలంతా చేతులతోనే గడవాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి యంత్రం సంగతి కూడా చర్చకొచ్చింది. కాంతికి ఉన్నట్టు నీడపడ్డ చోటు మిగిలిపోయే సమస్య దానికి లేదు, ఆవిరి మూలమూలకీ వెళ్తుంది, సీ. డిఫిసిల్ లాంటివి ఏర్పరచుకునే గట్టి బీజకణాలను కూడా చంపుతుంది. పని అయ్యాక నీరూ ఆక్సిజనూగా విడిపోతుంది. కానీ 30 శాతానికి పైబడిన ద్రావణం వాడతారు. ఏసీ గ్రిల్స్ మూసేయాలి, తలుపు సందులకి టేపు వేయాలి, స్మోక్ డిటెక్టర్ సంగతి చూసుకోవాలి. లోపలికి అడుగుపెట్టాలంటే మీటర్‌లో 1 పీపీఎం కిందికి రావాలి. మొత్తం గంటల పని. మా రెండు గదుల ఏసీ రిటర్న్ డక్ట్ (గాలిని వెనక్కి లాగే గొట్టం) హాలుదే. ఇంజనీరింగ్ విభాగం తల అడ్డంగా ఊపింది, నాకూ అదే సరైందనిపించింది.

మేం అప్పటికే చేస్తున్న ఫాగింగ్ ఇది కాదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. చేతిలో పట్టుకుని తిప్పే ఫాగర్ పలచటి పెరాక్సైడ్-సిల్వర్ ద్రావణాన్ని తుంపరలుగా చిమ్ముతుంది. తుంపరలు నేల మీదా మంచం పైనా పడతాయి, మంచం అడుగుకి చేరవు. అంతకుముందు తరం ఆపరేషన్ థియేటర్లలో ఫార్మలిన్, పొటాషియం పర్మాంగనేట్ కలిపి పొగపెట్టేవాళ్లు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చాక కూడా ఆ అలవాటు చాలాచోట్ల వెంటనే పోలేదు. వాసన ఘాటుగా ఉంటే గది శుభ్రమైనట్టు, పొగ కనిపిస్తే పురుగు చచ్చినట్టు మనకో నమ్మకం. రోబో నీలి వెలుగు ఆ నమ్మకానికి కొత్త రూపం కాకూడదని నా పట్టు.

అందుకే కమిటీని ఒక్క విషయం అడిగాను. డెమో యంత్రం వచ్చేలోగా, మన టెర్మినల్ క్లీనింగ్‌లో చెయ్యి ఎక్కడ పడుతోందో, ఎక్కడ పడడం లేదో చూడనివ్వండి అని.

చుక్కలు పెట్టి చూస్తే

ఫ్లోరసెంట్ జెల్ అని ఉంటుంది. ఆరాక కంటికి కనిపించదు, బ్లాక్ లైట్ వేస్తే మెరుస్తుంది, తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే పోతుంది. రోగి వెళ్లగానే, క్లీనింగ్‌కి ముందు, ఎక్కువగా చేతులు తగిలే చోట్ల చుక్కలు పెట్టాను. క్లీనింగ్ అయిందని సంతకం పడ్డాక లైట్ పట్టుకుని వెళ్లాను. హౌస్‌కీపింగ్ వాళ్లకి ముందు చెప్పలేదు, సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఎవరినీ పట్టుకోవడానికి కాదని, ఎవరి పేరూ రాయనని మాటిచ్చాను.

నేల మెరిసిపోతోంది, ఒక్క చుక్క లేదు. లాకర్ పైభాగం, ఐవీ స్టాండ్, బాత్‌రూమ్ నల్లా శుభ్రం. మంచం రెయిలింగ్ బయటివైపు శుభ్రం, రోగి పట్టుకునే లోపలివైపు మాత్రం చుక్క అలాగే ఉంది. కాల్ బెల్ బటన్ మీద ఉంది. పరుపు కవర్ జిప్పు దగ్గర ఉంది. వెంటిలేటర్ నాబ్, మానిటర్ కేబుళ్లు, ఇన్‌ఫ్యూజన్ పంపు బటన్లు, సక్షన్ రెగ్యులేటర్ మీద చుక్కలన్నీ నేను పెట్టినవి పెట్టినట్టే వెలిగాయి.

ఒకసారికి పొరపాటేమో అనుకోవచ్చు. మనుషులు మారినా, షిఫ్టు మారినా అవే చోట్లు మిగులుతుంటే అది ఒక మనిషి అశ్రద్ధ కాదు, పని పంపకంలోనే ఉన్న ఖాళీ.

ఆ గదులు చూసే హౌస్‌కీపింగ్ అక్క ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. ఈ ఊళ్లో పారిశుధ్యం పనిలో ఉన్న తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు, తరాలుగా ఇక్కడే ఉన్నాయి. టీ టైమ్‌లో కూర్చుని అడిగాను. “అక్కా, వెంటిలేటర్ ఎందుకు తుడవరు?”

“మమ్మల్ని ముట్టొద్దన్నారు గదా సిస్టర్. మిషన్లు మీవి. గుడ్డ తగిలి వైరు ఊడొస్తే ఎవరు పడతారు మాట? పోయినేడు ఒక పిల్ల మానిటర్ మీద హైపో కొట్టింది. తెర మసకబారిందని దానికి ఎన్ని తిట్లు పడినాయో నీకు తెలవదు.”

నర్సులను అడిగాను. వెంటిలేటర్ సర్క్యూట్ మార్చడం మా పని, బయట తుడవడం బయోమెడికల్ వాళ్లదన్నారు. బయోమెడికల్‌లో అడిగాను. మేం క్యాలిబ్రేషన్ చూస్తాం, క్లీనింగ్ వార్డుదే అన్నారు. ఎవరికి వారే యమునా తీరే. గదిలో రోగి ముక్కుకీ నోటికీ అతి దగ్గరగా ఉండేది, నర్సు గ్లవ్ ఎక్కువసార్లు తగిలేది ఆ వెంటిలేటర్ నాబే. ఎవరి ఖాతాలోనూ లేనిదీ అదే.

ఇంకో సంగతి హైపోది, అంటే సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్‌ది. మాకు 5 శాతం స్టాక్ వచ్చేది. 1 శాతం కావాలంటే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు. మధ్యలో సప్లయర్ మారి 10 శాతం డబ్బాలు వచ్చాయి, వాటికి ఒక వంతుకి తొమ్మిది వంతులు. గోడ మీది చార్టు మాత్రం మారలేదు. కొలత మగ్గు పగిలిపోయింది, అందాజుగా పోస్తున్నారు. ఘాటు ఎక్కువై రోగులు దగ్గుతున్నారని ఒక షిఫ్టులో ఇంకాస్త నీళ్లు కలుపుతున్నారు. పొద్దున కలిపిన బకెట్ సాయంత్రం దాకా మూత లేకుండా ఉంటోంది, క్లోరిన్ అలా నిలవదు. మురికి మీద నేరుగా పోస్తే దాని బలం మురికిలోనే ఖర్చయిపోతుంది. ఏసీ గాలికి గుడ్డ తడి నిమిషంలో ఆరిపోతుంటే, లేబుల్ మీద రాసిన కాంటాక్ట్ టైమ్ (తడిగా ఉండాల్సిన సమయం) ఎక్కడ దొరుకుతుంది? ఇవేవీ కొనాల్సిన యంత్రంతో తీరేవి కావు. కొత్త మగ్గు, కొత్త చార్టు, మూత ఉన్న డబ్బా, టెస్ట్ స్ట్రిప్పులు చాలు. అవి తెప్పించడానికి ఒక ఇండెంట్ (సామాను కోరే కాగితం) సరిపోయింది.

వెంటిలేటర్ సంగతి ఇండెంట్‌తో తీరలేదు. మీటింగుల్లో గొంతులు లేచాయి. చివరికి రాసుకున్న పద్ధతి ఇది: కరెంటుతో నడిచే ప్రతి పరికరాన్నీ ఆ మంచం చూసే నర్సే క్వాట్ వైప్‌తో తుడవాలి, పరుపు, రెయిలింగ్, లాకర్, గోడ, నేల హౌస్‌కీపింగ్‌వి. ఏ పరికరానికి ఏ ద్రావణం పనికిరాదో బయోమెడికల్ వాళ్లు స్టిక్కర్ అంటించాలి. నర్సుల సంఖ్య పెంచకుండా వాళ్ల నెత్తిన ఇంకో పని పెట్టడం న్యాయం కాదని నర్సింగ్ సూపరింటెండెంట్ వాదించారు. ఆమె మాట నిజం. బదులుగా ఐసీయూకి ప్రతి షిఫ్టులో వేరే వార్డుకి కదల్చని హౌస్‌కీపింగ్ మనిషిని ఇవ్వడానికి ఒప్పుకున్నారు. సగం న్యాయమైనా జరిగింది.

క్యాండిడా ఆరిస్ అనే ఫంగస్ వచ్చిన గదికి ఈ పద్ధతి చాలదు. క్వాట్ దానిమీద సరిగా పనిచేయదు, క్లోరిన్ గానీ పెరాక్సైడ్ వైప్స్ గానీ వాడాలి. అది స్టిక్కర్‌లోనే ఎర్ర అక్షరాలతో రాయించాం.

డెమో

యంత్రం వచ్చినప్పుడు కంపెనీ మనిషి గది మధ్యలో పెట్టి ఒక సైకిల్ నడిపి చూపిస్తానన్నాడు. నేను యూవీ డోస్ కార్డులు తెచ్చుకున్నాను, కాంతి తగిలితే రంగు మారేవి. కొన్ని యంత్రానికి ఎదురుగా అంటించాను. కొన్ని రెయిలింగ్ లోపలివైపు, లాకర్ వెనక, మంచం అడుగున, వాష్‌బేసిన్ కింద, వెంటిలేటర్ వెనక పలక మీద పెట్టాను. ఎదురుగా ఉన్నవి చక్కగా మారాయి. నీడలో ఉన్నవి కొన్ని కొద్దిగా మారాయి, లాకర్ వెనకది అసలు మారలేదు.

గోడల మీంచి వెనక్కి కొట్టే యూవీ తక్కువ, అది పెయింటుని బట్టి ఉంటుంది. దూరం రెట్టింపైతే కాంతి దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే రెండోసారి పద్ధతి మార్చాం. మంచాన్ని గోడకి దూరంగా లాగాం, పరుపుని నిలబెట్టాం, డ్రాయర్లు తెరిచాం, రెయిలింగులు పైకెత్తాం. యంత్రాన్ని మంచానికి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పెట్టాం. బాత్‌రూమ్‌కి విడిగా ఒక సైకిల్ నడిపాం. ఈసారి లాకర్ వెనకదీ మారింది. వాష్‌బేసిన్ జాలీలోకి మాత్రం ఎలా పెట్టినా కాంతి దిగదు. కార్బపెనెంలకు లొంగని క్లెబ్సియెల్లా, సూడోమొనాస్ బ్యాక్టీరియాలకి ఆ గొట్టంలోని పాచి పొర మంచి స్థావరం. అది ప్లంబింగ్ పని.

కంపెనీ మనిషికి ఒక మాట దక్కాలి, కార్డులు చూశాక వాదించలేదు. బీజకణాలకి మామూలు బ్యాక్టీరియా కన్నా చాలా ఎక్కువ డోస్ కావాలని, క్యాండిడా ఆరిస్‌కి కూడా సైకిల్ పెంచాలని తనే చెప్పాడు. తలుపు అద్దంలోంచి వెలుగు కనిపిస్తోందని హాల్లో సిస్టర్లు భయపడితే, 254 నానోమీటర్ల కాంతి మామూలు అద్దాన్ని దాటి రాదని మీటర్ పెట్టి చూపించాడు. మోషన్ సెన్సర్ పనిచేస్తుందా అని తలుపు తెరిచి చూశాం, వెంటనే ఆగింది. అయినా తలుపుకి బోర్డు తగిలించాం, తమిళం, తెలుగు, ఇంగ్లిష్, హిందీల్లో.

మంచం ఎప్పుడిస్తారు?

దీని గురించి ఎవరూ రాయరుగానీ, అసలు పోరాటం ఇక్కడే. చేత్తో సరిగా తుడవడానికి ముప్పావుగంట పడుతుంది. యూవీకి ఒక్కో స్థానానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, మధ్యలో సామాను జరపడం, చివర మళ్లీ సర్దడం. అంతా కలిపితే రెండు గంటల లెక్క. అవతల ఎమర్జెన్సీలో ఎవరో ట్యూబ్ వేసుకుని ఐసీయూ మంచం కోసం ఎదురుచూస్తుంటారు. బెడ్ మేనేజర్ ఫోన్ ఆగదు. “సిస్టర్, గది అయిందా? లైట్ తర్వాత వేసుకోకూడదా?” రోగి వచ్చాక లైట్ వేయలేం అనే మాట ఎన్నిసార్లు చెప్పానో.

ఆయన్ని తప్పుపట్టను. ఎమర్జెన్సీలో ఆగిన మనిషికి జరిగే నష్టం ఇప్పుడే కళ్ల ముందు కనిపిస్తుంది, గదిలో ఎవరికో అంటుకునే పురుగు పదిరోజుల తర్వాత లాబ్ కాగితంలో కనిపిస్తుంది. అందుకే నిర్ణయం ఆయన మీదా, నా మీదా కాకుండా నియమం మీద పెట్టాం. గత రోగికి క్రాబ్, కార్బపెనెంలకు లొంగని క్లెబ్సియెల్లా, క్యాండిడా ఆరిస్, సీ. డిఫిసిల్‌లలో ఏదైనా ఉంటే యూవీ తప్పనిసరి, కంప్యూటర్‌లో మంచం విడుదల కాదు. మిగతా వాళ్లకి చేత్తో క్లీనింగ్ చాలు. అత్యవసరంలో డ్యూటీలో ఉన్న ఇంటెన్సివిస్ట్ (ఐసీయూ డాక్టరు) దీన్ని పక్కనపెట్టవచ్చు, కానీ సంతకం పెట్టి కారణం రాయాలి. ఈ ఒక్క షరతుతో ఫోన్లు తగ్గాయి.

ఏం తేలింది

ఆ గదిలో ఆ తర్వాత చాలాకాలం కొత్తగా క్రాబ్ రాలేదు. ఇది యంత్రం ఘనత అని ప్రెజెంటేషన్‌లో రాయమన్నారు, నేను రాయలేదు. పరికరాలు తుడిచే పని పంచుకోవడం, హైపో కొలత, స్థిరమైన హౌస్‌కీపింగ్ మనిషి, యూవీ అన్నీ ఒకే సమయంలో మారాయి. ఈ గొడవ వల్ల అందరి చేతులూ కొన్నాళ్లపాటు ఎక్కువసార్లు కడుక్కోబడ్డాయి. చుక్కల పరీక్షలో తేడా మాత్రం యంత్రం రాకముందే కనిపించింది, పంపుల మీదా వెంటిలేటర్ మీదా చుక్కలు పోవడం మొదలైంది. రెండు గదులున్న ఐసీయూలో, పోల్చుకోవడానికి ఇంకో గుంపు లేకుండా, ఇంతకుమించి చెప్పడం సరికాదు.

హాల్లో మాత్రం క్రాబ్ మళ్లీ వచ్చింది, కిటికీ వైపు మంచంలో. అక్కడికి యంత్రం వెళ్లదు. ఆ మంచం చుట్టూ చుక్కలు పెట్టి చూస్తే మిగిలింది కర్టెన్ అంచు, నర్సులు పట్టుకుని లాగేచోటు. కర్టెన్లు నెలకోసారి లాండ్రీకి వెళ్లేవి. క్రాబ్ రోగి వెళ్లిన ప్రతిసారీ మార్చేలా రెండో జత కుట్టించమని రాశాను. బట్ట కర్టెన్ బదులు తుడవగలిగే విభజన పలకలు అడిగాను, అది బడ్జెట్‌లో పడింది.

కొనుగోలు కమిటీ యంత్రాన్ని కొనలేదు, ఏడాది అద్దెకి తీసుకుంది. దాన్ని ఆపరేషన్ థియేటర్ వాళ్లు కూడా రాత్రిపూట అడుగుతున్నారు. అక్కడ గది ఖాళీగా ఉంటుంది, తలుపు మూసుకుంటుంది, మంచం కోసం ఎవరూ ఫోన్ చేయరు, కాబట్టి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఐసొలేషన్ గదికి అవసరం పడితే అరగంటలో తిరిగి పంపాలన్నది షరతు. ల్యాంపుల గంటల లెక్క, డోస్ కార్డుల ఫోటోలు నా దగ్గర ఫైల్‌లో ఉంటాయి. ల్యాంపు పాతబడితే వెలుగు కంటికి అలాగే కనిపిస్తుందిగానీ పనిచేసే కాంతి తగ్గుతుంది, అందుకే నెలకోసారి కార్డు పరీక్ష. పాత ల్యాంపుల్లో పాదరసం ఉంటుంది, వాటిని కంపెనీయే వెనక్కి తీసుకెళ్లాలని ఒప్పందంలో రాయించాం. వాష్‌బేసిన్ గొట్టం మార్చమని ఇంజనీరింగ్‌కి ఇచ్చిన కాగితం ఇంకా కదలాల్సి ఉంది.